గుంత పూడేదాకా ఆగకూడని పాట

పాపను ఎత్తుకుపోయి చంపిందెవరో పోలీసులకు ఇప్పటికీ తెలియదు. మా జమ్మలమడుగులో మాత్రం తెలియని మనిషి లేడు. టీ బంకు దగ్గర ఒకాయనకు తెలుసు, మంగలి షాపులో ఇంకొకాయనకు తెలుసు, ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన ప్రతివాడికీ తెలుసు. ఇది రాయడానికి కూర్చుంటే ఇన్నాళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతోంది. ఆ మంటలో సగం నా మీద నాకే. అది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ వెతుక్కోనక్కర్లేకుండా.

నేను టీచరుని. ఇల్లు జమ్మలమడుగులో, బడి ప్రొద్దుటూరులో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మా ముత్తాతల కాలంలో మిషను దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు మావి. మా వీధిలో ఇంటికొక టీచరో నర్సో ఉంటారు. మా చర్చిలో పాట ఎత్తుకునేది నేను. ఆదివారమైనా, పెళ్ళైనా, సమాధి దగ్గరైనా ముందు నా గొంతు లేవాలి, తక్కినవాళ్ళు వెనకాల అందుకోవాలి. నాకంటే ముందు మా అమ్మ ఎత్తుకునేది, ఆమెకంటే ముందు మా అవ్వ. గొప్ప గొంతు అనుకునేరు, అదేం కాదు. బడిలో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు.

శనివారం సాయంత్రాలు పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. ఆ పాప ముందు వరసలో నిలబడేది. ఏడేళ్ళు. పై పళ్ళు రెండూ ఊడిపోయి, పాటలో సగం మాటలు గాలిలో కలిసిపోయేవి. అయినా ప్రతి చరణానికీ అందరికంటే ముందు పరుగెత్తేది. "ఏందే, నీకేమన్నా బస్సు పోతాందా?" అని కసిరేదాన్ని. "నాకు మొత్తం వచ్చు టీచర్, వీళ్ళకే రాదు" అనేది. నా కూతురు దానికంటే రెండేళ్ళు పెద్దది. చెయ్యి పట్టుకుని దాన్ని వరసలో నిలిపే పని నా కూతురికి అప్పజెప్పాను. పాప నిలిచేదా లేదా, అది వేరే సంగతి.

పాప తల్లి మా వీధి పిల్లే. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. పాప తండ్రిది పులివెందుల దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వచ్చి ఈ పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. అతను గుడికి పోయేవాడు, ఆమె చర్చికి వచ్చేది, పిల్లలు అక్కడ ప్రసాదం, ఇక్కడ కేకు తినేవాళ్ళు. ఎవరికీ ఏ పేచీ లేదు. పాప తర్వాత ఒక బాబు. వాడికి అప్పుడు నాలుగేళ్ళు.

ఒక మంగళవారం సాయంత్రం ఐదింటికి పాప షార్ప్‌నర్ కొనుక్కొస్తానని వీధి మలుపులో ఉన్న అంగడికి బయలుదేరింది. అంగడికి చేరలేదు. మూడో రోజున పెన్న ఒడ్డున కంపచెట్లలో దొరికింది. అంతకంటే నేను రాయను. మైకులు పట్టుకుని చెప్పేవాళ్ళు చెప్పేశారు, చూడని గాయాలు కూడా చూసినట్టు చెప్పారు.

ఆ మూడు రోజులూ, ఆ తర్వాతా బస్సులో విన్న మాటలు నాకు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "గుప్తనిధులకప్పా. బలిచ్చినారు" అని ఒకడు, చూసి వచ్చినట్టు. "కాదు మామా, వాళ్ళ నాయన ఫ్యాక్టరీలో ఎవనితోనో కొట్లాడినాడంట, ఆ కక్ష" అని ఇంకొకడు. "కక్షా లేదు గిక్షా లేదు, మతం మారిన పెండ్లి కదా, ఇంట్లోవాళ్ళే ఏదో చేసుంటారు" అని వెనక సీటులోంచి ఒకామె, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. ఆమె తొక్కలు నా కాళ్ళ దగ్గర పడుతున్నాయి. ఎవరూ ఆమెను నోరు మూసుకోమనలేదు. నేనూ అనలేదు.

ఇక తల్లిదండ్రుల భయం సంగతి చెప్పాలా? మా బడి గేటు దగ్గర మూడు గంటలకే తల్లులు గుంపు కట్టేవాళ్ళు. దుప్పట్లు అమ్ముకునేవాడు ఎవరో పరాయి ఊరివాడు ఒక పిల్లను దారి అడిగాడని నలుగురు కలిసి కొట్టారు, వాడి మూట విప్పి రోడ్డు మీద పరిచారు. దుప్పట్లే ఉన్నాయి. నేనేమన్నా తక్కువ తిన్నానా? నా కూతుర్ని కరివేపాకుకు పంపడం మానేశాను, ట్యూషన్ మాన్పించాను, వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే కిటికీలోంచి నిమిషానికొకసారి పిలిచేదాన్ని. పలకడం ఒక్క క్షణం ఆలస్యమైతే వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. పలికాక, ఎందుకు వెంటనే పలకలేదని వీపు మీద ఒకటి వేసేదాన్ని. నా ఫోన్ నంబరు, వాళ్ళ నాయన నంబరు పొద్దున నిద్ర లేవగానే అప్పజెప్పించుకునేదాన్ని. అది ఎక్కం చెప్పినట్టు చెప్పేది. నా మొహం చూస్తూ చెప్పేది. పిల్లలు మన మొహాల్లోంచి ఏమేం ఏరుకుంటారో అప్పుడు నాకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పాపను మా సమాధుల తోటలో పెట్టాం. తండ్రి తరపువాళ్ళు పులివెందుల నుంచి వచ్చారు, మీ పద్ధతిలోనే కానీయండి అన్నారు.

మా పద్ధతి ఒకటుంది. పెట్టె గుంతలోకి దించి మట్టి వేయడం మొదలుపెట్టగానే పాట ఎత్తుకోవాలి. గుంత పూడేదాకా ఆపకూడదు. ఒక పాట అయిపోతే ఊపిరి తీసుకుని ఇంకోటి. చిన్నప్పుడు ఎందుకని అడిగితే మా అవ్వ చెప్పింది. పెట్టె మీద మొదటి మట్టిగడ్డలు పడేటప్పుడు ఒక చప్పుడు వస్తుందట, అది కన్నవాళ్ళ చెవిన పడకూడదట, పడితే బతికినన్నాళ్ళూ పోదట. ఆ చప్పుడు మీద గొంతు కప్పడమే పాట ఎత్తుకునే మనిషి పని. గొంతు బాగుందా లేదా అని ఎవరూ చూడరు. ఆగిపోకూడదు, అంతే.

నేను ఎత్తుకున్నాను. మొదటి చరణం పాడాను. రెండో చరణం మొదట్లో పాప ఎప్పుడూ ముందుకు పరుగెత్తే చోటు ఒకటుంది. ఆ చోటు వచ్చింది. ఎవరూ పరుగెత్తలేదు. నా గొంతు పూడుకుపోయింది. ఎంత లాగినా మాట రాలేదు. నా వెనకాల పాడేవాళ్ళందరూ నన్ను చూసి ఆగిపోయారు, నా గొంతు పట్టుకుని నడవడం అలవాటైనవాళ్ళు కదా. మట్టి వేసేవాళ్ళు మాత్రం ఆగలేదు, వాళ్ళ పని వాళ్ళది. పారలోంచి మట్టి చిన్న పెట్టె మీద పడింది. ఒకసారి పడింది. మళ్ళీ పడింది. అక్కడున్న అందరికీ వినపడింది.

అప్పుడు తల్లి అందుకుంది. నేను వదిలేసిన మాట దగ్గరే అందుకుంది. కంట్లో నీటి చుక్క లేదు. గుంతలోకి చూస్తూ, నాకంటే గట్టిగా పాడింది. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు, చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని పెదవులు కదిపే పిల్ల. గుంత పూడేదాకా నాలుగు పాటలు పాడింది. మేమెవరం గొంతు కలపలేకపోయాం. ఆమె కాళ్ళ పక్కనే పాప జేజి, అంటే తండ్రి తల్లి, మట్టిలో పొర్లుతూ గుండెలు బాదుకుంటోంది. "నా బంగారుతల్లీ, నా గొర్రెపిల్లా, జేజినొదిలి యాడికి పోతాండావే" అని ఏడుస్తోంది. వాళ్ళ పద్ధతి అది. పోయినవాళ్ళను పిలిచి పిలిచి ఏడవాలి.

ఎవడో ఫోనెత్తి వీడియో తీశాడు. వాడి చేతులు పడిపోను. నా గొంతు ఆగిపోవడం అందులో లేదు. మట్టి పడ్డ చప్పుడు లేదు. కింద ముసలామె పొర్లి ఏడుస్తుంటే పైన కన్నతల్లి నిటారుగా నిలబడి పాట పాడటం, అంతవరకే ఉంది. ముప్పై సెకన్లు ఉంటుందేమో. ఆదివారం చర్చి అయ్యేలోపల ప్రొద్దుటూరు, మైదుకూరు, పులివెందుల అంతా తిరిగింది.

సోమవారం బస్సులో నా ముందు సీటు మనిషి పక్కవాడికి చూపించాడు. "సూడప్పా, కూతురు సచ్చిపోతే పాట పాడతాంది. కన్నీళ్ళు ఏమన్నా ఉన్నాయా సూడు."

"యాడివి? ఈమెకు అంతా తెలుసు. పోలీసోళ్ళు ఈమెను నాలుగు తగిలిస్తే అంతా బయటికొస్తాది."

నేను ఆ సీటు వెనకాలే కూర్చున్నాను. ఫోన్లో ఆమె గొంతు నాకు స్పష్టంగా వినపడుతోంది. పాడాల్సింది నేను, ఆపేసింది నేను, నా పని ఆమె నెత్తిన పడింది అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. బ్యాగులోంచి కాంపోజిషన్ పుస్తకాలు తీసి దిద్దినట్టు నటించాను కూడా. ఎర్ర పెన్నుతో ఒక పిల్లాడు సరిగ్గా రాసిన మాటను కొట్టేశాను.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? ఇంట్లో మా ఆయన "పోలీసు కేసు, నీది గవర్నమెంటు ఉద్యోగం, నీకెందుకు?" అన్నాడు. అది పైకి చెప్పుకునే కారణం. అసలు సంగతి సిగ్గు. మూడు తరాలుగా సమాధి దగ్గర ఆగని గొంతు నా దగ్గర ఆగిపోయింది, ఆ మాట నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ. ఒక పిల్ల తల్లిని ఊరంతా హంతకురాలు అంటుంటే నాకు నా గొంతు పరువు అడ్డొచ్చింది. ఛీ!

మావాళ్ళేమన్నా తక్కువా? తర్వాతి ఆదివారం చర్చిలో "ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం, బిడ్డను దేవుడికి పాటతో అప్పగించింది" అని మెచ్చుకున్నారు. ఆమె వెనక బెంచీలో కూర్చుని ఉంది. పెదవులు కూడా కదపలేదు. ఒక మైకువాడు ఆమె వాకిట్లోకి వచ్చి "అమ్మా, ఆ రోజు పాడిన పాట మళ్ళీ ఒకసారి పాడతారా?" అని అడిగాడు. పోలీసులు రెండుసార్లు పిలిపించి, పాప సంగతులు అన్నీ అడిగి, చివర్న "పాట ఎందుకు పాడినావు?" అని అడిగారట. ఆమె ఏమీ చెప్పలేదట. చెప్పకపోతే ఇంకా అనుమానం. పాపం, ఆమె భర్త నోరులేని మనిషి. డ్యూటీకి పోయి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

ఇంతలో బాబు. సమాధి రోజున జేజి వాడిని చంకనేసుకుని "నాలుగు రోజులు మా దగ్గర ఉంటాడు, ఈ ఏడుపులు సూడకుండా" అని పల్లెకు తీసుకుపోయింది. మంచి మాటే. నాలుగు రోజులయ్యాక తండ్రి ఫోన్ చేస్తే పంపలేదు. ఆ క్లిప్పు వాళ్ళ పల్లెకూ చేరింది. "దొంగను పట్టినాకనే పంపుతాం. అంతదాకా ఆ మనిషి దగ్గరికి పిల్లోడు వచ్చేది లేదు" అన్నారట. దొంగను ఎప్పుడు పట్టాలి? ఎవరు పట్టాలి? పోయిన పాప ఎలాగూ రాదు, ఉన్నవాడిని కూడా ఊరి మాటలు తీసుకుపోయాయి.

అది విన్న రోజు సాయంత్రం బస్సు దిగి, ఇంటికి పోకుండా ఆమె ఇంటికి పోయాను. జాకెట్టు కుట్టడం లేదు, ఊరికే మిషను ముందు కూర్చుని ఉంది. జాకెట్లు ఇచ్చినవాళ్ళందరూ కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. నేను నిలబడే చెప్పాను. "నేను ఆపేయబట్టి నీకు ఇంత వచ్చింది. నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి."

"చప్పుడు ఇనపడిందక్కా" అంది. "రెండు మార్లు ఇనపడింది. మూడోది ఇనలేక పాడినా. అంతే."

ఇంకేం లేదు. ఊరంతా నెల రోజులుగా పిండుతున్న రహస్యం అంతే. విశ్వాసమూ కాదు, కుట్రా కాదు. మూడో చప్పుడు వినలేకపోయింది.

"పోలీసులకు ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"వాళ్ళు దాన్ని మళ్ళా నా నోటితోనే చెప్పమంటారు కదక్కా" అంది.

ఆదివారం చర్చి మానేసి ఇద్దరం బస్సెక్కాం. ముద్దనూరు మీదుగా పులివెందుల, అక్కడి నుంచి ఆటోలో పల్లెకు. దారి పొడుగునా చీనీ తోటలు. ఆమె ఒక చిన్న సంచి పట్టుకుంది, అందులో బాబు చొక్కాలు, వాడికి ఇష్టమైన బొమ్మ ట్రాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు వాడికి తొడగాలని. నేను మాత్రం బస్సంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. బడిలో పాఠం చెప్పినట్టు విడమర్చి చెప్తే ఎవరికైనా అర్థమవుతుందని నా ధీమా.

జేజి గొర్రెల దొడ్డి ముందర గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. కోడలి వైపు చూడలేదు. నాకు మంచం వాల్చింది.

"దొంగను పట్టినారా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా."

"పట్టినాక రాండి."

నేను మొదలుపెట్టాను. మా పద్ధతి చెప్పాను, గుంత పూడేదాకా పాట ఆగకూడదన్నాను. పాడాల్సింది నేను, ఏడుపొచ్చి గొంతు పూడిపోయి ఆపేశాను, అందుకే ఆమె పాడాల్సి వచ్చింది అన్నాను. ముసలామె అంతా వింది. చేతిలో ఆకు కింద పెట్టింది.

"ఆ బిడ్డ నీకేమైతాది?"

"ఏమీ కాదు పెద్దమ్మా. పాటలు నేర్పేదాన్ని."

"ఏమీ కానిదానివి, నీకే గొంతు పూడిపాయ. కడుపున మోసినదానికి యాడ పోయినాది ఏడుపు?"

ఇన్నాళ్ళూ దాచుకుని, తీరా బయటపెడితే నా మాటే ఆమె మెడకు ఉరి అయింది. గబగబా చప్పుడు సంగతి చెప్పాను. "మట్టి పడే చప్పుడు ఇనలేక పాడింది పెద్దమ్మా, నీకు దండం పెడతా" అన్నాను.

"ఇనల్ల, ఇనాల్సిందే" అంది జేజి. "నేను ఇనలేదా? కన్నది ఇనల్ల, ఇని ఆడనే కూలబడల్ల. చెవులు మూసుకుంటే బిడ్డ పోయిందని ఎట్ల తెలుస్తాది? పోయిన బిడ్డకన్నా ఎట్ల తెలుస్తాది, మా అమ్మ నాకోసరం ఏడుస్తాందని?" అంటూ, కింద పెట్టిన ఆకు తీసుకుని తుంచుతోంది. ఆమెను దారంతా తిట్టుకుంటూ పోయిన నాకు తిట్టు నోటికి రాలేదు. మనవరాలు పోయిన మనిషి. క్లిప్పు తీసినవాడికీ, బస్సులో చూపించినవాడికీ ఏం పోయింది?

అప్పుడు కోడలు సంచి కింద పెట్టింది. దొడ్డి ముందర, గొర్రె పెంటికల దుమ్ములో కూర్చుంది. రెండు చేతుల్తో దుమ్ము తీసి నెత్తిన పోసుకుంది. గుండెల మీద ఒకటి వేసుకుంది. "నా తల్లీ" అని మొదలుపెట్టింది. "నా పండ్లూడిన తల్లీ, నీ షార్ప్‌నర్ నేను తెచ్చియ్యకపోతినే, నీ పెన్సిలు మొన ఇరిగే ఉండాదే" అని, ఆ పల్లె ఆడవాళ్ళు ఏడ్చినట్టే, ఊరంతా వినేట్టు, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పక్క ఇళ్ళవాళ్ళు వచ్చి నిలబడ్డారు. జేజి కూడా కూలబడి కోడలి మెడ పట్టుకుంది. ఇద్దరూ ఒకరి నెత్తి ఒకరు బాదుకుంటూ ఏడ్చారు. బాబు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, భయపడిపోయి, అమ్మ కొంగు పట్టుకుని వాడూ ఏడ్చాడు.

సాయంత్రం నాలుగింటి ఆటోకు జేజి వాడిని తనే ఎత్తి కోడలి ఒళ్ళో కూర్చోబెట్టింది. పాలసీసాలో గొర్రె పాలు పోసిచ్చింది. "పోయి రా" అంది, అంతే.

అది నిజం ఏడుపా, కొడుకు కోసం ఏడ్చిన ఏడుపా అని తర్వాత నన్ను అడిగినవాళ్ళున్నారు. మా వీధివాళ్ళే, నెమ్మదిగా, చెవిలో. అడగడానికి నోరెట్లా వచ్చిందో! బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది, వాడు ట్రాక్టరు పట్టుకుని ఒళ్ళో నిద్రపోయాడు, ఆమె జుట్టులో ఇంకా దుమ్ము ఉంది. నేను అడగలేదు. అడగడానికి నేనెవరిని?

వారం తిరక్కుండా ప్రొద్దుటూరు బస్సులో ఇంకో క్లిప్పు. ఆ పల్లెలో కూడా ఫోన్లున్నాయి కదా. దుమ్ము నెత్తిన పోసుకోవడం, గుండెలు బాదుకోవడం. చూపించినవాడు అదే మనిషి, అదే సీటు. "సూసినావాప్పా? ఆ పొద్దు పాడింది, ఈ పొద్దు ఏడుస్తాంది. శానా పెద్ద నాటకాలది."

నాకు ఏం పట్టిందో, లేచి వాడి చేతిలో ఫోను లాక్కున్నాను. బస్సంతా వినేట్టు అరిచాను. సమాధి దగ్గర ఎత్తుకునే గొంతు అది, డ్రైవరు బ్రేకు వేశాడు. "పాడితే చంపిందంటివి, ఏడిస్తే నాటకమంటివి. నువ్వు చెప్పురా, ఆమె ఏం చేస్తే నీకు సరిపోతాది? నీ బిడ్డ పోతే నువ్వేం చేస్తావో ఇప్పుడు ఈడ నిలబడి చేసి సూపించు, నేను ఫోన్లో తీస్తా" అన్నాను. మొత్తం చెప్పాను. నా గొంతు ఆగిపోయిందని చెప్పాను, మట్టి చప్పుడు చెప్పాను, మొదటి రోజు నేను వాడి వెనకాలే కూర్చుని నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. ఆ మనిషి మెల్లగా చెయ్యి చాపాడు. "మాకేం తెలుసు టీచరమ్మా, వచ్చింది సూపించినా. ఫోనియ్యండి" అన్నాడు. ఇచ్చాను. తర్వాతి స్టాపులో పవర్ ప్లాంటు పనివాళ్ళెవరో ఎక్కారు. వాళ్ళలో ఒకడు "ఏందప్పా గొడవ?" అంటే, "ఆ పాప కేసేలే" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆమె దగ్గర బాబు ఉన్నాడు. జాకెట్లు కొంతమంది మళ్ళీ ఇస్తున్నారు. చంపినవాడు దొరకలేదు. ఎక్కడో అన్నం తింటూ ఉంటాడు, బస్సెక్కుతూ ఉంటాడు, ఆ క్లిప్పులు వాడూ చూసే ఉంటాడు. వాడి పేరు తప్ప అందరి పేర్లూ ఊరివాళ్ళు తలుచుకున్నారు. ఆమె చర్చికి వస్తుంది, పాట రాగానే తల వంచుకుంటుంది. నేను మాత్రం ఎత్తుకుంటున్నాను. ఎత్తుకోనని అంటే ఇంకెవరూ లేరు.

మొన్న ఆదివారం పొద్దున నా కూతురికి జడ వేస్తున్నాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ట్యూషన్‌కు మళ్ళీ పంపుతున్నాను, నేనే తీసుకుపోయి నేనే తెచ్చుకుంటున్నాను. అది అద్దంలో నన్నే చూస్తోంది.

"మా, నన్నెవరన్నా ఎత్తకపోయి చంపేస్తే నువ్వు పాడతావా?"

జడ గట్టిగా లాగాను. "అట్లాంటి మాటలంటే మూతి పగులుతుంది" అన్నాను.

"అది కాదు మా, ఇను. నువ్వు పాడొద్దు. చప్పుడు ఇనపడినా పాడొద్దు. మొదటే ఏడువు. అందరూ సూసేట్ల, కింద పడి ఏడువు. నీకు గట్టి గొంతు కదా. లేకుంటే నిన్నే పట్టుకుంటారు." రిబ్బను కొస వేలికి చుట్టుకుంది. "మళ్ళా మళ్ళా ఏడవొద్దు. ఒక్కసారే ఏడువు. రెండోసారి ఏడిస్తే నాటకం అంటారు."

ఎవరూ నేర్పలేదు దానికి ఇది. బస్సులో, వీధిలో, మా ఇంట్లో పెద్దవాళ్ళం మాట్లాడుకున్న మాటల్లోంచి తనే ఏరుకుని, తల్లిని ఎలా కాపాడుకోవాలో తొమ్మిదేళ్ళ పిల్ల లెక్క కట్టుకుంది. తను చచ్చిపోయాక.

"సరేనా మా?" అంది. అద్దంలో నా కళ్ళలోకే చూస్తోంది, జవాబు చెప్పేదాకా తల తిప్పేలా లేదు.

సరే అన్నాను.